డాన్స్ నేర్పని డాన్స్ ఎం.ఏ.: చేసొచ్చాక రాస్తున్న రివ్యూ

ముందే చెప్పేస్తాను, ఈ కోర్సుకి నేనిచ్చేది ఐదుకి మూడున్నర. ఆ ఒకటిన్నర ఎక్కడ పోయిందో కింద రాస్తాను కానీ, అంతకన్నా ముందు ఒక సంగతి తేలిపోవాలి, ఎందుకంటే నన్ను అడిగేవాళ్ళలో చాలామంది "ఇది చేస్తే డాన్స్ ఇంకా బాగా వస్తుందా" అనే అడుగుతున్నారు. రాదు. క్రియేటివ్ డాన్స్ ప్రాక్టీస్ అండ్ రీసెర్చ్ అనో, దానికి అటూ ఇటూగా ఉన్న పేర్లతోనో నడిచే పీజీ కోర్సుల్లో కొత్త స్టెప్పులు నేర్పరు, ఉన్న స్టెప్పులు దిద్దరు, పొద్దున టెక్నిక్ క్లాస్ ఉన్నా అది ఒళ్ళు వేడెక్కడానికే. మీకు డాన్స్ వచ్చనుకునే అక్కడ మొదలుపెడతారు. అక్కణ్ణుంచి వాళ్ళు అడిగేదల్లా, రోజూ చేసే పనిలో మీకే అంతుపట్టనిది ఏముంది, దాన్ని ఒంటితో ఎలా వెతుకుతారు, దొరికినదాన్ని ఇంకొకరికి ఎలా చూపిస్తారు అని. అలాంటి ప్రశ్న ఏదో ఇప్పటికే మీ బుర్ర తొలుస్తూ ఉంటే నిక్షేపంగా చేరండి. లేకపోతే ఫీజు దండగ.

నేను ఏ యూనివర్సిటీలో చేశానో రాయను, బాగోలేనివి కూడా రాస్తున్నాను కాబట్టి. ఇలాంటి కోర్సులే వేరేచోట్ల చేసిన ఫ్రెండ్స్‌తో మాట్లాడితే తెలిసిందేమిటంటే, మంచీ చెడ్డా దాదాపు అన్నిచోట్లా ఒకేలా ఉన్నాయి. నేను శాస్త్రీయ నృత్యంలో పెరిగి, తర్వాత కంటెంపరరీ వైపు వచ్చి, క్లాసులు చెప్పుకుంటూ పార్ట్‌టైమ్‌లో చదివాను. ఆ కోణం నుంచే చదవండి.

కాగితం మీద లెక్క ఇలా ఉంటుంది. బ్రిటన్ పద్ధతిలో పూర్తి మాస్టర్స్ అంటే 180 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కి సుమారు 10 గంటల పని, అంటే మొత్తం 1800 గంటలు. ఫుల్‌టైమ్ అయితే ఏడాది, పార్ట్‌టైమ్ అయితే మామూలుగా రెండేళ్ళు. అమెరికాలో ఈ రకం చదువు ఎక్కువగా ఎం.ఎఫ్.ఏ. (మాస్టర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) పేరుతో ఉంటుంది, రెండు మూడేళ్ళు పడుతుంది, కొన్నిచోట్ల సెలవుల్లో మాత్రమే వెళ్ళి మిగతాదంతా ఇంటి నుంచే చేసే పద్ధతి కూడా ఉంది. వినడానికి 1800 గంటలు బాగానే ఉంటుంది గానీ, అందులో టీచర్ ఎదురుగా కూర్చునే గంటలు చాలా తక్కువ. మిగతాదంతా మీరు, ఒక ఖాళీ స్టూడియో, ఒక నోట్‌బుక్. ఎవరో ఒకరు "తయ్యుం తత్త" అని కర్ర కొడితే తప్ప కాలు కదలనివాళ్ళకి ఇక్కడ మొదటి సెమిస్టర్ నరకమే.

ఇక స్టూడియో. కోర్సులో బంగారం లాంటి భాగం ఇదే, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మొదట్లోనే ఒక టాస్క్ ఇచ్చారు. మీకు కంఠతా వచ్చిన చిన్న ఫ్రేజ్, అంటే వరసగా వచ్చే కదలికల ముక్క, ఒకటి తీసుకోండి, నిమిషం దాటకూడదు, ఇప్పుడు అందులోంచి చేతులు తీసేసి చేయండి, అంతే. ఇంతేనా అనుకుని నేనొక జతి (తాళానికి కట్టిన అడుగుల వరస) తీసుకుని చేతులు పక్కన వదిలేసి మొదలుపెట్టాను. కాళ్ళు బాగానే నడిచాయి. తాళం ఎక్కడా తప్పలేదు. కానీ చూపు ఎటు పోవాలో తెలియలేదు. చెయ్యి ఎటు వెళ్తే చూపు అటు వెళ్ళాలని చిన్నప్పుడే ఒంట్లో ఇంకిపోయింది కదా, ఇప్పుడు చెయ్యి ఎటూ వెళ్ళడం లేదు, అయినా కళ్ళు మాత్రం లేని చేతి కోసం కుడిపక్కకీ ఎడమపక్కకీ ఠంచనుగా పోతున్నాయి. రెండోసారి చేస్తే మెడ బిగిసింది. తర్వాత తర్వాత కళ్ళు నేల చూడటం మొదలుపెట్టాయి, నేల చూడగానే వీపు వంగింది, వీపు వంగగానే కాలి బరువు మారింది, బరువు మారేసరికి అదే జతి ఎవరో వేరేవాళ్ళు చేస్తున్నట్టు అనిపించింది. ట్యూటర్ ఏమీ దిద్దలేదు, మెచ్చుకోనూ లేదు, "ఏం గమనించారో రాయండి, ఎందుకో తర్వాత చూద్దాం" అని వెళ్ళిపోయారు. ఆ పూట నోట్‌బుక్‌లో గీసుకున్న వాక్యమే చివరికి నా ఫైనల్ ప్రాజెక్ట్ అయింది: చెయ్యి లేనప్పుడు చూపు ఎవరి మాట వింటుంది?

ఇలా ఒకటి తీసేసి, ఒకటి అడ్డుపెట్టి, ఏమవుతుందో చూసే పద్ధతికి పెద్ద చరిత్రే ఉంది, దాన్ని కోర్సులో బాగా చెప్పారు. 1960ల మొదట్లో న్యూయార్క్‌లో, కొరియోగ్రాఫర్ మెర్స్ కన్నింగ్‌హామ్ స్టూడియోలో, రాబర్ట్ డన్ అనే సంగీతకారుడు డాన్స్ కూర్చడం మీద కంపోజిషన్ క్లాసులు నడిపాడు, కంపోజర్ జాన్ కేజ్ దగ్గర నేర్చుకున్న పద్ధతుల్ని డాన్సర్లకు ఇచ్చాడు. ఆ క్లాసులో ఉన్నవాళ్ళే 1962లో జడ్సన్ మెమోరియల్ చర్చిలో ప్రదర్శన ఇచ్చారు, ఆధునిక నృత్యం దారి మళ్ళింది అక్కడే అంటారు. ఆ గుంపులోని ట్రిషా బ్రౌన్ 1971లో ఒక పీస్ చేసింది, బొటనవేళ్ళు తిప్పడంతో మొదలై, దానికి ఒక్కో కదలిక కలుపుతూ, కలిపిన ప్రతిసారీ మళ్ళీ మొదటికి వస్తూ సాగుతుంది. వీడియో చూస్తే ఇదేం డాన్స్ అనిపిస్తుంది, అదే నియమంతో మీరొక పూట చేసి చూడండి, జ్ఞాపకం అనేది ఒంట్లో ఎక్కడ ఉంటుందో తెలిసొస్తుంది. స్టీవ్ పాక్స్‌టన్ 1972లో మొదలుపెట్టిన కాంటాక్ట్ ఇంప్రొవైజేషన్ కూడా చేయించారు, ఇద్దరు ఒకరి బరువు ఒకరికి ఇస్తూ, పడుతూ లేస్తూ. పరాయివాళ్ళను ముట్టుకోకుండా పెరిగినవాళ్ళకి మొదట్లో బిడియంగా ఉంటుంది, ముందే చెప్పి వద్దంటే ఎవరూ బలవంతపెట్టలేదు, అది మెచ్చుకోవాల్సిన విషయం.

వీటన్నిటికన్నా నాకు నచ్చిన కథ మార్గరెట్ హెచ్‌డోబ్లర్‌ది. 1926లో విస్కాన్సిన్ యూనివర్సిటీలో డాన్స్‌కి డిగ్రీ కోర్సు మొదలుపెట్టిన మనిషి. ఆవిడ అసలు డాన్సరే కాదు, చదివింది బయాలజీ, నేర్పింది బాస్కెట్‌బాల్. క్లాసులో ఒక అస్థిపంజరాన్ని పెట్టుకుని కీళ్ళు ఎలా తిరుగుతాయో చూపించి, స్టూడెంట్లను నేల మీద పడుకోబెట్టి, తాను చేసి చూపించకుండా, మీరే కదిలి కనుక్కోండి అనేది. టీచర్ చేసి చూపిస్తేనే చదువు అనుకునేవాళ్ళకి ఇది వింతగా ఉంటుంది. నాకూ చాలాకాలం ఉంది.

ఫీడ్‌బ్యాక్ క్లాసుల గురించి రాయకపోతే పాపం. లిజ్ లెర్మన్ అనే కొరియోగ్రాఫర్ 1990లో తయారుచేసిన పద్ధతి వాడారు. నాలుగు అంచెలు. మొదట చూసినవాళ్ళు తమకు పట్టుకున్నది, గుర్తుండిపోయినది చెప్తారు. తర్వాత చేసినవాళ్ళే చూసినవాళ్ళను ప్రశ్నలు అడుగుతారు. ఆ తర్వాత చూసినవాళ్ళు అడగొచ్చు, కానీ ప్రశ్నలో అభిప్రాయం దాక్కుని ఉండకూడదు. చివరికి ఎవరికైనా అభిప్రాయం ఉంటే "ఫలానా దాని గురించి ఒక మాట చెప్పొచ్చా" అని అనుమతి అడగాలి, చేసినవాళ్ళు వద్దు అనొచ్చు కూడా.

చదవడానికి మరీ పద్ధతిగా, మర్యాదస్తుల మీటింగులా ఉంది కదా. జరిగింది చెప్తాను. నేను చేతుల్లేని జతిని ఒకచోట ప్రేక్షకులకి వీపు తిప్పి చేశాను. ఒకాయన "ఆడియన్స్‌కి వీపెందుకు చూపించారు, ముఖం కనిపిస్తే బాగుండేది కదా" అన్నాడు. నడిపేవాళ్ళు ఆపి, అందులో మీ అభిప్రాయం ఉంది, తీసేసి అడగండి అన్నారు. ఆయన నిజంగానే చాలాసేపు తంటాలు పడ్డాడు, చివరికి "వీపు తిప్పినప్పుడు మీ చూపు ఎక్కడుంది?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ క్షణం దాకా నేను వీపు తిప్పితే చూపు సమస్య పోతుందని, ఎవరికీ కనపడదు కాబట్టి ఎటు చూసినా ఒకటేనని అనుకుంటున్నాను. కానీ వెనక నుంచి చూసేవాళ్ళకి మెడ నరం కనిపిస్తోంది, తల ఎటు మొగ్గుతోందో కనిపిస్తోంది, అంటే చూపు వీపులోంచి కూడా తెలిసిపోతోంది. ముఖం కనిపిస్తే బాగుండేది అన్న మాట దగ్గరే ఆగిపోయి ఉంటే నేను మొహమాటానికి ముందుకు తిరిగేదాన్ని, ప్రాజెక్ట్ అక్కడే చచ్చేది. ఈ ఒక్క పద్ధతిని ఇప్పుడు నా క్లాసుల్లో పెద్దపిల్లలతో వాడుతున్నాను, పిల్లలు పెద్దవాళ్ళకన్నా బాగా అడుగుతారు.

దీనికి వంక లేదా అంటే ఉంది. కొందరు మర్యాద మాటున ఏమీ చెప్పకుండా తప్పించుకుంటారు. "ఆ నిశ్శబ్దం నాతో ఉండిపోయింది" లాంటి మాటలు విని విని విసుగొస్తుంది. పీస్ బోరు కొడితే బోరు కొట్టిందని చెప్పేవాళ్ళు ఒక్కరైనా ఉండాలి, మా బ్యాచ్‌లో అదృష్టవశాత్తూ ఒకామె ఉండేది.

డాక్యుమెంటేషన్ విషయానికి వస్తే, దీన్ని ఎవరూ ముందుగా హెచ్చరించరు. ఇది రీసెర్చ్ కోర్సు కాబట్టి డాన్స్ చేసేస్తే సరిపోదు, అది ఎలా పుట్టిందో ఆధారాలు ఇవ్వాలి, వీడియోలు, నోట్స్, స్కెచ్‌లు, ఆడియో, అన్నీ. బయటి ఎగ్జామినర్ చాలాసార్లు లైవ్ చూడరు, లాప్‌టాప్‌లో వీడియో చూస్తారు. నా ప్రాజెక్టే చూపు గురించి, ట్రైపాడ్ మీద గది మూలన పెట్టిన కెమెరాలో నా కళ్ళు ఆవగింజంత కూడా కనిపించవు! దగ్గరగా పెడితే కాళ్ళు పోయాయి, మధ్యలో పెడితే రెండూ సగం సగం. చివరికి రెండు ఫోన్లతో, ఒకటి దూరంగా, ఒకటి మెడ ఎత్తులో పక్కనుంచి పెట్టి తీసి, రెండిటినీ ఒకే స్క్రీన్ మీద పక్కపక్కన పెట్టాను. ఎడిటింగ్ ఎవరూ నేర్పలేదు. ఇంతకీ ఆ రెండు ఫ్రేములు పక్కపక్కన చూసినప్పుడే కాలు నేల తాకే ముందే తల అటు తిరిగిపోతోందని తెలిసింది, చేస్తున్నప్పుడు ఎన్నడూ తెలియలేదు. కాబట్టి గొడ్డుచాకిరీ అని తిట్టుకున్న పనిలోనే అసలు సరుకు దొరికింది. డాన్స్‌ని కాగితం మీద పట్టుకోవాలన్న ఆరాటం కొత్తది కాదు, రుడాల్ఫ్ లాబన్ 1928లోనే కదలికలు రాసే లిపి ప్రచురించాడు, కింది నుంచి పైకి చదవాలి, నిలువు గీతకి కుడిపక్క ఒంటి కుడిభాగం, ఎడమపక్క ఎడమభాగం, గుర్తు ఎంత పొడుగుంటే కదలిక అంతసేపు. మాకు రుచి చూపించి వదిలేశారు, ఇంకాస్త నేర్పి ఉండాల్సింది. ఇన్ని గిగాబైట్ల వీడియోకన్నా ఆ ఒక్క పేజీ ఎక్కువ చెప్తుందని నాకనిపించింది. ఇంకో సలహా, ఫైళ్ళకి మొదటిరోజు నుంచే తేదీ, టాస్క్ పేరు పెట్టుకోండి, సెమిస్టర్ చివర్లో "ఫైనల్ కొత్తది 2" అనే ఫైల్ తెరవాలంటే ఏడుపొస్తుంది.

రాత భాగం. మాకు ప్రాజెక్ట్‌తో పాటు సుమారు 6000 పదాల వ్యాసం. ఇక్కడే మొదటి అర మార్కు కోసేశాను. చదవమని ఇచ్చిన లిస్టు నిండా ఫిలాసఫీ, అందులో ఫ్రెంచ్ తత్వవేత్త మోరిస్ మెర్లో-పాంటీ లేని వారం లేదు. శరీరమే లోకాన్ని తెలుసుకుంటుందన్న ఆయన ఆలోచన డాన్సర్లకి పనికొచ్చేదే, కాదనను. కానీ బ్యాచ్‌లో అందరూ ఆయన్నే తెచ్చి, అందరి వ్యాసాల్లో రెండో పేరాలో ఆయన్నే కూర్చోబెడితే, అది ఎవరి డాన్స్ గురించో తెలియకుండా పోతుంది. మాక్సిన్ షీట్స్-జాన్‌స్టోన్ అని, తాను స్వయంగా డాన్సర్, 1960ల్లోనే ఈ ఫిలాసఫీని డాన్స్‌కి అన్వయించి రాసింది, నాకు ఆవిడ రాతే ఎక్కువ అక్కరకొచ్చింది, లిస్టులో మాత్రం ఎక్కడో అడుగున ఉంది. పైగా మన నాట్యశాస్త్ర గ్రంథాల్లో చూపుల గురించి అంత వివరంగా ఉంటే, వాటిని సిద్ధాంతంగా తీసుకోవచ్చా, "సాంస్కృతిక నేపథ్యం" అనే పేరాలో పెట్టాలా అని నాతో చర్చ పెట్టారు. పట్టుబట్టి సిద్ధాంతంగానే పెట్టాను, మార్కులు బాగానే వచ్చాయి, కానీ ఆ వాదనకి పోయిన ఓపిక ఎవరిస్తారు.

ఎథిక్స్ ఫారం అని ఒకటుంటుంది. పక్కన రోజూ రిహార్సల్ చేసే ఫ్రెండ్‌ని వీడియో తీయాలన్నా, నాలుగు మాటలు అడిగి రికార్డ్ చేయాలన్నా అనుమతి పత్రం, సమాచార పత్రం, ఆ వీడియో ఎక్కడ దాస్తారు, ఎప్పుడు చెరిపేస్తారు అన్నీ రాయాలి. మొదట నవ్వొచ్చింది. తర్వాత ఒకామె తన వీడియో వాడొద్దని మధ్యలో వెనక్కి తీసుకున్నప్పుడు, ఆ కాగితం లేకపోతే ఎంత గొడవయ్యేదో అర్థమైంది. ఆమోదం రావడానికి వారాలు పడుతుంది, రాకముందు షూట్ చేసింది వాడకూడదు, కాబట్టి ఆ పని ముందే పెట్టుకోండి.

మిగతా ఒక మార్కు పూర్తిగా సౌకర్యాల దగ్గర పోయింది. స్టూడియో బుకింగ్‌లో డిగ్రీ పిల్లలకే ముందు, మాకు మిగిలినవి సాయంత్రాలు, అది కూడా ఫైనల్స్ దగ్గరపడే కొద్దీ దొరకవు. దొరికిన గదుల్లో ఒకదాంట్లో వినైల్ షీట్ కింద నేరుగా కాంక్రీటు. చూడటానికి మంచి స్టూడియోలాగే ఉంటుంది, నల్లగా నున్నగా, కానీ డాన్స్ ఫ్లోర్ అంటే పైపొర కాదు, కింద చెక్క, దాని కింద ఫోమో రబ్బరో ఉండి దూకినప్పుడు కాస్త లొంగాలి. లొంగకపోతే ఆ దెబ్బంతా పిక్క ఎముకకీ మోకాలికీ వెళ్తుంది. పాదం కొట్టే నృత్యం చేసేవాళ్ళు ఇది తప్పకుండా చూసుకోవాలి. చేరేముందు చూడటానికి వెళ్తే గది మధ్యలో మడమతో ఒకసారి గట్టిగా కొట్టి వినండి, బోలుగా మోగితే పర్లేదు, టప్పుమని చచ్చిన శబ్దం వస్తే అడగండి.

సూపర్‌వైజర్ సంగతి కూడా చెప్పాలి. నా సూపర్‌వైజర్ సగంలో సెలవు మీద వెళ్ళారు, వచ్చిన కొత్తాయన థియేటర్ మనిషి, ఆయనకి నా చూపు ప్రశ్నలో పాత్రా, కథా కావాల్సొచ్చాయి. కొన్ని వారాలు టెన్షన్ తప్ప పని జరగలేదు. నాకు కథ అక్కర్లేదని ఆయన్ని ఒప్పించాక బాగానే సాయం చేశారు, ముఖ్యంగా వ్యాసం కుదించడంలో. రాతపూర్వక ఫీడ్‌బ్యాక్ మాత్రం ఒక మాడ్యూల్‌ది వచ్చేసరికి తర్వాతి మాడ్యూల్ సబ్మిషన్ అయిపోయింది. ఇంక దాన్ని ఏం చేసుకోవాలి?

ఉద్యోగం గురించి అడుగుతారు, క్లుప్తంగా చెప్తాను. ఈ డిగ్రీ చూసి ఆడిషన్‌లో ఎవరూ తీసుకోరు. కాలేజీలో పాఠం చెప్పాలన్నా, గ్రాంట్‌కి అప్లై చేయాలన్నా, పీహెచ్‌డీకి వెళ్ళాలన్నా పనికొస్తుంది, డాన్స్ ప్రాక్టీస్‌నే థీసిస్‌లో భాగంగా ఒప్పుకునే పీహెచ్‌డీలు బ్రిటన్, ఆస్ట్రేలియా, ఫిన్లాండ్ లాంటి చోట్ల ఉన్నాయి. నాకు ఎక్కువగా ఉపయోగపడింది గ్రాంట్ ప్రొపోజల్ రాయడంలో, ఎందుకంటే ఏం చేస్తాను అనే బదులు ఏం కనుక్కుంటాను అని రాయడం వచ్చింది.

డిగ్రీ అయిన వెంటనే, ఇరవై ఒకటీ ఇరవై రెండేళ్ళకి చేరినవాళ్ళు మా బ్యాచ్‌లో చాలా ఇబ్బంది పడ్డారు. టాలెంట్ తక్కువై కాదు, ఇంకా వాళ్ళ పనిలో వాళ్ళకి విసుగు పుట్టలేదు, ఏది తీసేసి చూడాలో తెలియడానికి ముందు ఏదో ఒకటి అతిగా చేసి ఉండాలి. కొన్నేళ్ళు స్టేజీ మీదో క్లాసులోనో అరిగిపోయి, "నేను ఇది ఎందుకు ఇలాగే చేస్తున్నాను" అని చిరాకు పడుతున్నవాళ్ళు మాత్రం మొదటి నెలలోనే అల్లుకుపోయారు.

ఇంటర్వ్యూలో మీరు కూడా ప్రశ్నలు అడగొచ్చు, సిగ్గుపడకండి. పీజీ వాళ్ళకి వారానికి స్టూడియో ఎన్ని గంటలు గ్యారంటీ, ఫ్లోర్ కింద ఏముంది, ఎగ్జామినర్ లైవ్ చూస్తారా వీడియోనా, సూపర్‌వైజర్ మారితే ఎవరొస్తారు, ఈ నాలుగింటికీ తడుముకోకుండా జవాబు చెప్పే చోట చేరొచ్చు. ఒకవేళ చేరాక మధ్యలో కుదరకపోయినా అంతా గంగలో పోసినట్టు కాదు, బ్రిటన్ పద్ధతి కోర్సుల్లో మామూలుగా 60 క్రెడిట్లు పూర్తయితే పీజీ సర్టిఫికెట్, 120 అయితే పీజీ డిప్లొమా ఇచ్చి పంపిస్తారు, మా బ్యాచ్‌లో ఒకతను డిప్లొమాతో ఆగి హాయిగా తన కంపెనీ నడుపుకుంటున్నాడు, ఆ 6000 పదాల వ్యాసం మాత్రం తప్పించుకున్నాడు.